నలభై ఒకటో అడుగు

పేరు బ్యాంక్ స్టేషన్. ఇక్కడ ఎవరూ ఏమీ దాచుకోరు.
ఎర్ర గీత దిగి నల్ల గీతలోకి,
నల్ల గీత వదిలి తూర్పు రేవుల రైల్లోకి,
లండన్ నేల కింద కాళ్ళు మార్చుకునే చోటు.

నా ఉద్యోగం చెయ్యి చాపడం.
నారింజ కోటు, భుజాన వాకీటాకీ,
"ఎడమకి, మెట్లు దిగి, మళ్ళీ ఎడమకి."
థాంక్యూ అని నా చేతికే చెప్పి పోతారు,
మొహానికి కాదు.
అలవాటైపోయింది. చేతికి కూడా.

కొత్త దారి తెరిచిన సోమవారం
పెట్టిఫర్ గారు మెట్ల దగ్గర ఆగిపోయి ఉన్నారు.
లాయర్ల మాటలు చెవిలో పెట్టుకుని
రోజంతా టైపు చేసే మనిషి.
చూపు లేదు. పంతొమ్మిదేళ్ళుగా
ఈ స్టేషన్ ఆయన దగ్గర అంకెల్లో ఉంది.
"మీవాళ్ళు నా లెక్కలన్నీ తుడిచేశారు" అన్నారు,
చెప్పకుండా అద్దె పెంచిన ఇంటాయనతో అన్నట్టు.

మోచెయ్యి ఇచ్చాను. నడిచాం.
ఆయన పైకే ఇంగ్లీషులో లెక్కపెడుతున్నారు,
నేను పెదాల వెనక తెలుగులో.
ఇరవై దాటకముందే తేడా వచ్చింది,
ఆయన అంగ పెద్దది.
"ఏమిటి గొణుగుతున్నారు?"
"అదే లెక్క. మా భాషలో."
కాసేపు విని అన్నారు:
"మీ అంకెలకి చివర తలుపులు లేవే.
అన్నీ తెరిచే ఉన్నాయి."

నలభై ఒకటి.
ఆయన కాలు గాల్లో ఆగింది.
వెనకనుంచి ఎవరిదో సూట్‌కేసు నా మడమని గుద్దింది,
జనం మమ్మల్ని రాయిని చుట్టుకున్న నీళ్ళలా
చుట్టుకుని పోతున్నారు.
"ఇక్కడ అంచు" అన్నారు.

నిజమే. మొన్నమొన్నటిదాకా
ప్లాట్‌ఫామ్ అక్కడే తెగేది.
కింద పట్టాలు, మసి, తోక మాత్రమే కనపడే ఎలుకలు.
రైలుని పక్క సొరంగానికి తరలించారు,
గోతిని పూడ్చి, పలకలు పరిచి
దారి అన్నారు.
చెప్పాను. కర్ర నాతో ఒప్పుకుంది,
టక్ టక్, గట్టి నేల.
కాలు ఒప్పుకోలేదు.

మొహం ఎడమకి తిప్పి గాలి కోసం ఆగారు.
రైలు కంటే ముందొచ్చే గాలి,
గోరువెచ్చగా, ఇనుము నాకినట్టుండేది.
రాలేదు.
తడి గొడుగుల వాసన వచ్చింది, ఎవరిదో కాఫీ వాసన.

"నన్ను మింగనందుకు
రోజూ దీనికి గుడ్ మార్నింగ్ చెప్పేవాణ్ణి.
మనసులోనే. పిచ్చివాడనుకుంటారని."

అని, బూటు మొన దించారు,
ఏటినీళ్ళ చలి చూసే కాలివేలిలా.
తర్వాత మడమ.
నలభై అయిదుకి అవతలి గోడ.
నా లెక్కలో యాభై ఒకటి.
ఇక్కణ్ణుంచి తెలుసు, వెళ్ళొస్తానన్నారు.
థాంక్యూ అనలేదు. నా చెయ్యి వెతికినట్టుంది.

ఆ రాత్రి ఆఖరి రైలు పోయాక
కళ్ళు మూసుకుని నేనూ నడిచాను.
నా అంకెల్లో అంచు నలభై ఆరు దగ్గర ఉండాలి.
కాలు ఆగలేదు.
వెనక్కెళ్ళి మళ్ళీ నడిచాను.
పడిపోతాను, పడిపోతాను అని
ఎంత చెప్పుకున్నా నేల నేలగానే ఉంది.
రోజూ దాని పక్కనే నిలబడ్డాను,
ఒక్కనాడూ సరిగ్గా భయపడినట్టు లేను.

యాభై ఒకటికి నుదురు చల్లటి గోడకి తగిలింది.
అవతల ఎక్కడో పనిబండి కదిలినట్టుంది,
గాలి లేదు గానీ
పలక సన్నగా వణికింది, చర్మానికి తెలిసేంత.

గుడ్ మార్నింగ్, అన్నాను పైకే.
అప్పటికి ఒంటిగంట దాటి పది నిమిషాలు.